వాన జాకెట్ ఎంపిక: పడమటి కనుమల ముసురుకు ఏది, హిమాలయాల చలివానకు ఏది?

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ జూన్ నుంచి అక్టోబరు దాకా వారాంతాల్లో పడమటి కనుమల్లోని కుద్రేముఖ్, ముళ్లయ్యనగిరి, తడియాండమోళ్ దారులు పట్టే తెలుగువారు, ఏడాదికోసారి సెలవు పెట్టి హిమాలయాలకు వెళ్లివచ్చేవారు, వాన జాకెట్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒకే సందేహంతో ఆగిపోతారు. మూడు నాలుగు వేలలో దొరికేది సరిపోతుందా, లేక ఇరవై పాతిక వేలు పోసి పేరున్న కంపెనీది కొనాలా? ధర దగ్గర మొదలుపెడితే ఈ సందేహం తీరదు. జాకెట్ వానను ఆపుతుందా లేదా అన్నది సగం సంగతి మాత్రమే. పడే వాన ఎంత చల్లగా ఉంటుంది, ఆ వానలో నడుస్తున్న మీకు ఎంత చెమట పడుతుంది అన్నది మిగతా సగం. వెచ్చని వానలో తిరిగేవారు గాలి ఆడే ఏర్పాటుకు డబ్బు పెట్టాలని, చలివానలో తిరిగేవారు నీటిని ఆపి ఆవిరిని వదిలే గుడ్డ లోపలి పొరకు డబ్బు పెట్టాలని నా అభిప్రాయం. కింద చెప్పేదంతా దాదాపుగా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా తూచవలసినవి

లేబుల్ మీద కనబడే 5,000, 10,000, 20,000 వంటి అంకెలు గుడ్డ తట్టుకునే నీటి ఒత్తిడిని మిల్లీమీటర్లలో చెబుతాయి. గుడ్డ మీద నిలబెట్టిన గొట్టంలో నీటి మట్టాన్ని పెంచుతూ పోతే, ఏ ఎత్తు దగ్గర నీరు గుడ్డను దాటి అవతలివైపు చెమర్చుతుందో ఆ ఎత్తే ఈ అంకె. ఆకాశం నుంచి పడే చినుకు దానంతట అది ఇంత ఒత్తిడి పెట్టదు. బరువైన సంచీ పట్టీలు భుజాలను నొక్కేచోట, తడి బండ మీద కూర్చున్నప్పుడు, ఈదురుగాలి చినుకును విసిరికొట్టేటప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల ఒక్కరోజు నడకకు 10,000 చాలు. పది పన్నెండు కిలోల సంచీతో వరుసగా నాలుగైదు రోజులు నడిచేవారు 20,000కు తగ్గకుండా చూసుకోవడం మంచిది. అంతకు మించిన అంకెలకు అదనంగా పెట్టే డబ్బుకు తగిన తేడా వానలో కనబడదు. అంకె ఎంత ఉన్నా, కుట్లన్నిటి మీదా లోపలివైపు టేపు అంటించి ఉండకపోతే సూది దిగిన ప్రతి రంధ్రం నుంచీ నీరు కారుతుంది. ‘వాటర్ రెసిస్టెంట్’ అని మాత్రమే రాసి ఉన్న విండ్‌చీటర్లు, సాఫ్ట్‌షెల్ జాకెట్లు తుంపరకు పనికివస్తాయి గానీ అరగంట జడివానకు ఆగవు కనుక, వాటిని ఈ పోలికలోకి తీసుకోలేదు.

రెండో కొలమానం చెమట ఆవిరి బయటికి పోవడం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. దీన్ని కొన్ని కంపెనీలు ఒక చదరపు మీటరు గుడ్డలో నుంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో లెక్కగట్టి చెబుతాయి. మరికొన్ని గుడ్డ ఆవిరిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే ‘రెట్’ అనే అంకెను ఇస్తాయి. మొదటిది ఎంత ఎక్కువైతే అంత మేలు, రెండోది ఎంత తక్కువైతే అంత మేలు. రెట్ 6 కంటే తక్కువ ఉంటే చాలా మంచి గుడ్డ అని, 20 దాటితే ఉక్కపోసే గుడ్డ అని స్థూలంగా అనుకోవచ్చు. గ్రాముల లెక్కకు పరీక్షా పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి కనుక, ఒక కంపెనీ చెప్పే 15,000 గ్రాములను మరో కంపెనీ చెప్పే 20,000 గ్రాములతో పోల్చి నిర్ణయానికి రాకూడదు.

ఈ అంకెలన్నీ ప్రయోగశాలలోనివి. ఆవిరి గుడ్డలో నుంచి దానంతట అది నడిచిపోదు. జాకెట్ లోపల ఆవిరి పీడనం ఎక్కువగా, బయట తక్కువగా ఉన్నప్పుడు ఆ తేడాయే దాన్ని బయటికి నెడుతుంది. లోపల 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిపోయిన గాలిలో ఈ పీడనం సుమారు 4.2 కిలోపాస్కల్‌లు ఉంటుంది. ఆగస్టు ముసురులో, 22 డిగ్రీల దగ్గర, మబ్బులోనే నడుస్తున్నట్టుండే కనుమల గాలిలో అది సుమారు 2.6 ఉంటుంది. అంటే నెట్టే శక్తి 1.6 మాత్రమే. అదే హిమాలయాల్లో సున్నా డిగ్రీల దగ్గర బయటి పీడనం 0.6కు పడిపోతుంది కనుక తేడా 3.6 అవుతుంది. చలిలో జాకెట్ లోపలి గాలి కూడా కొంత చల్లబడుతుంది కాబట్టి అసలు తేడా అంత ఉండకపోయినా, మొగ్గు ఎటువైపో తెలుస్తూనే ఉంది. ఇరవై వేల రూపాయల జాకెట్ వేసుకుని కుద్రేముఖ్ ఎక్కినా లోపలి చొక్కా తడిసి ముద్దవడానికి కారణం సాధారణంగా జాకెట్ లోపం కాదు, ఆ చోట గాలిలో ఆవిరి పోవడానికి తావు లేకపోవడం.

అందుకే కనుమల్లో నడిచేవారికి చంకల కింద జిప్పులు ఉన్నాయా లేదా అన్నది గుడ్డ పేరు కంటే ముఖ్యం. ఆ జిప్పులు తెరిస్తే వేడిగాలి నేరుగా బయటికి పోతుంది. దానికి పీడనపు తేడాతో పని లేదు. లోపలివైపు వల గుడ్డతో కుట్టిన జేబులు ఉంటే వాటిని తెరిచి ఉంచుకున్నా కొంత గాలి ఆడుతుంది.

మూడోది బయటి గుడ్డ మీది నీటిని దొర్లించే పూత. కొత్త జాకెట్ మీద నాలుగు చుక్కలు పోస్తే తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలిచి జారిపోతాయి. కొన్నాళ్లు వాడిన జాకెట్‌ను వానలో గమనించండి: సంచీ పట్టీ రాసుకునే భుజం మీద, మోచేతుల మీద గుడ్డ రంగు ముదిరి, తడి మచ్చ నెమ్మదిగా పాకుతూ ఉంటుంది. లోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్నా, బయటి గుడ్డ నీటిని పీల్చుకుంటే అక్కడి నుంచి ఆవిరి పోవడం దాదాపు ఆగిపోతుంది, ఒంటికి చల్లగా తగులుతుంది, లోపల చెమట కూడుకుంటుంది. ‘జాకెట్ కారుతోంది’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. ఈ పూతల్లో ఇంతకాలం వాడిన, ఫ్లోరిన్ ఉండే పీఎఫ్ఏఎస్ రసాయనాలు ప్రకృతిలో తేలికగా విచ్ఛిన్నం కావు కనుక, కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి చాలా రకాల దుస్తుల్లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. పేరున్న కంపెనీలు చాలా వరకు ఫ్లోరిన్ లేని పూతలకు మారాయి. ఆ పూతలు నీటిని బాగానే దొర్లిస్తాయి గానీ నూనె జిడ్డుకు త్వరగా లొంగిపోతాయి. తలకు కొబ్బరినూనె రాసుకుని హుడ్ బిగించుకునే మనవాళ్లకు, సన్‌స్క్రీన్ దట్టంగా పట్టించేవారికి ఇది చిన్న సంగతి కాదు. మెడపట్టీ, హుడ్ అంచు ముందుగా తడవడం మొదలవుతుంది.

ఇక బరువు, మడిస్తే ఎంత చిన్నదవుతుంది, ముళ్లకు ఎంత ఆగుతుంది అన్నవి అందరికీ తెలిసినవే.

ఎంచుకోదగిన రకాలు

ఈ ధరలు బెంగళూరు దుకాణాల్లో సుమారుగా కనబడే స్థాయిని సూచిస్తాయి. తగ్గింపు అమ్మకాల్లో ఇవి బాగా మారుతుంటాయి.

| రకం | వాన ఆపడం | చెమట పోవడం | మన్నిక | సుమారు ధర |
|---|---|---|---|---|
| పాంచో, గొడుగు | గాలి లేనప్పుడు బాగుంటుంది | అన్నిటికంటే మేలు | తక్కువ | 300 నుంచి 1,500 |
| పీవీసీ రెయిన్ సూటు | పూర్తిగా ఆపుతుంది | దాదాపు లేదు | ఎక్కువ | 1,000 నుంచి 2,500 |
| రెండున్నర పొరల జాకెట్ | బాగుంటుంది | మధ్యస్థం. చంక జిప్పులుంటే మేలు | మధ్యస్థం | 3,000 నుంచి 9,000 |
| మూడు పొరల జాకెట్ | చాలా బాగుంటుంది | చలిలో చాలా మేలు, ఉక్కలో మధ్యస్థం | ఎక్కువ | 10,000 నుంచి 40,000, ఆపైన |

పాంచో, గొడుగు

జాకెట్ గురించి చదవడానికి వచ్చినవారికి గొడుగు మాట చెబితే నవ్వు రావచ్చు. నవంబరు వానల్లో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరేవారిని చూడండి: కింద చుట్టూ గాలి ఆడే పాంచో వేసుకున్నవారు హాయిగా ఎక్కుతుంటారు, జిప్పు మెడదాకా లాగిన జాకెట్లవారు చెమటకు తాళలేక దాన్ని నడుముకు చుట్టుకుంటారు. కప్పున్న చోట్లు, విడిది చోట్లు ఉన్న దారుల్లో, గాలి తక్కువగా ఉన్న అడవి బాటల్లో పాంచో సంచీని కూడా కప్పుతుంది కనుక దానికి సాటి లేదు. ముళ్లయ్యనగిరి గట్టు మీద మాత్రం అది పనికిరాదు. 1,930 మీటర్ల ఎత్తున, చెట్టు నీడ కూడా లేని గడ్డి గట్టు మీద గాలి పాంచోను తల మీదికి ఎగరేస్తుంది, కాలు ఎక్కడ వేస్తున్నదీ కనబడనివ్వదు. వంద రూపాయలకు దొరికే పలచటి ప్లాస్టిక్ పాంచోలను కొనకండి. మొదటి ముళ్లకంపకే చిరిగి, ఆ ముక్కలు అడవిలోనే ఉండిపోతాయి.

పీవీసీ రెయిన్ సూటు

ఇది బండి మీద ఆఫీసుకు వెళ్లేవారి దుస్తు. సెప్టెంబరు సాయంత్రం సిల్క్‌బోర్డు కూడలి దగ్గర వాన పట్టుకుంటే దీన్ని మించింది లేదు, ఎందుకంటే బండి మీద కూర్చున్నవారికి చెమట పెద్దగా పట్టదు, పైగా గాలి వేగానికి చినుకులు మెడ దగ్గరా ఒడిలోనూ జొరబడతాయి. అదే సూటుతో కొండ ఎక్కితే పావుగంటలో లోపల వాన మొదలవుతుంది.

చాలామంది బండికీ, నడకకూ కలిపి ఒకే జాకెట్ కొనాలని చూస్తారు. ఆ ఆలోచన మానుకోవడమే మంచిదని చెబుతాను. నడక జాకెట్ పలచటి గుడ్డ బండి మీద ఒరిపిడికి, పొగకు, ఆయిల్ మరకలకు త్వరగా పాడవుతుంది. పడితే చర్మాన్ని ఏమాత్రం కాపాడదు. పదిహేను వందల రెయిన్ సూటు డిక్కీలో ఉంటే ఆరు వేల జాకెట్ మరో రెండేళ్లు బతుకుతుంది.

కనుమల్లోని ఆగుంబె వంటి ఊళ్లలో ఒకే చోట గంటలు గంటలు కూర్చుని కప్పలనో పక్షులనో ఫొటోలు తీసేవారికి కూడా ఈ సూటు చక్కగా సరిపోతుంది. కదలకుండా కూర్చునేవారికి ఆవిరి పోయే గుడ్డ మీద డబ్బు పెట్టవలసిన పని లేదు.

రెండున్నర పొరల జాకెట్

బయట ఒక గుడ్డ, దాని లోపలివైపు నీటిని ఆపే పాలీయురెథేన్ పూత, ఆ పూత అరగకుండా పైన సన్నటి చుక్కలో గీతలో ముద్రించిన కాపుదల. ఆ ముద్రణనే అర పొరగా లెక్కవేస్తారు. డెకథ్లాన్ దుకాణాల్లో, బెంగళూరులోనే పుట్టిన వైల్డ్‌క్రాఫ్ట్ దుకాణాల్లో మధ్య ధరకు దొరికే వాన జాకెట్లను తిరగేసి చూస్తే ఈ రకమో, లోపల వల గుడ్డ వేలాడే రెండు పొరల రకమో కనబడుతుంది. వల గుడ్డ రకం ఒంటికి హాయిగా ఉంటుంది, కానీ తడిస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది, సంచీలో చోటు ఎక్కువ తింటుంది.

రెండున్నర పొరల జాకెట్ బరువు సాధారణంగా 250 నుంచి 400 గ్రాములు ఉంటుంది. దీనితో ఉన్న ఇబ్బంది ముంజేతులకు బంకగా అంటుకోవడం. పొట్టి చేతుల చొక్కా మీద వేసుకుంటే చెమట పట్టిన చర్మానికి పూత నేరుగా తగిలి చిరాకు పెడుతుంది. లోపల పలచటి పొడుగు చేతుల బట్ట వేసుకుంటే ఈ చిరాకు చాలావరకు పోతుంది. కనుమల్లో జలగలున్న చోట ఆ పొడుగు చేతులు ఎలాగూ కావాలి.

రెండో ఇబ్బంది ఆయుష్షు. పాలీయురెథేన్ తేమకూ వేడికీ కొన్నేళ్లలో విచ్ఛిన్నమవుతుంది, వాడకుండా అలమారలో పెట్టినా సరే. మెడపట్టీ లోపలివైపు ముందుగా జిగురుగా తయారవుతుంది. తర్వాత తెల్లటి పొట్టు రాలి నల్ల చొక్కా మీద చుండ్రులా కనబడుతుంది. చివరికి కుట్ల మీది టేపు ఒక మూల నుంచి లేచి వేలితో లాగితే రిబ్బనులా ఊడివస్తుంది. ఆ దశకు చేరిన జాకెట్‌ను బాగుచేసే ప్రయత్నంలో డబ్బు పెట్టకండి.

ఇన్ని చెప్పినా, వారాంతాల్లో కనుమలకు వెళ్లేవారిలో ఎక్కువమందికి నేను సూచించేది ఈ రకమే: 10,000 మి.మీ.కు తగ్గని నీటి కొలత, చంక జిప్పులు, కాస్త వదులు కోత. నాలుగైదేళ్లు వాడి మార్చుకోవచ్చు.

మూడు పొరల జాకెట్

ఇందులో బయటి గుడ్డ, నడుమ పొర, లోపలి సన్నటి అల్లిక ఒక్కటిగా అతికి ఉంటాయి. చర్మానికి బంక తగలదు, పొర ఒరిపిడికి అరగదు, బయటి గుడ్డ మందంగా ఉంటుంది కనుక బండరాళ్లకు ఆగుతుంది. ఈ కుటుంబంలో అందరికీ తెలిసిన పేరు గోర్‌టెక్స్. 1969లో అమెరికన్ ఇంజనీరు బాబ్ గోర్ వేడిచేసిన పీటీఎఫ్ఈ కడ్డీని, అంటే నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే పదార్థాన్ని, ఒక్కసారిగా లాగి చూసినప్పుడు అది తెగకుండా అతి సూక్ష్మమైన రంధ్రాలతో సాగింది. ఆ పొరతో కుట్టిన దుస్తులు 1976లో అమ్మకానికి వచ్చాయి. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, ఆవిరి పోగలిగినంత పెద్దవి ఆ రంధ్రాలు. 2022 నుంచి ఆ కంపెనీ ఫ్లోరిన్ లేని పాలిఎథిలిన్ పొరతోనూ గుడ్డలు ఇస్తోంది. కొత్త జాకెట్ కొనేవారికి ఇప్పుడు ఎక్కువగా కనబడేది అదే.

గోర్‌టెక్స్ అన్న ముద్ర ఒక్కటే చూసి తృప్తిపడకండి. అందులోనే ప్యాక్‌లైట్ పేరుతో తేలికపాటి రకాలు, ప్రో పేరుతో పర్వతారోహకుల రకాలు వేరువేరుగా ఉన్నాయి. నార్త్‌ఫేస్ వారి ఫ్యూచర్‌లైట్, పోలార్‌టెక్ వారి నియోషెల్ వంటి పొరలు కొంత గాలిని కూడా చొరనిస్తాయి. ఏకబిగిన ఎక్కేవారికి ఇవి సుఖంగా ఉంటాయి. కొలంబియా వారి ఔట్‌డ్రై ఎక్స్‌ట్రీమ్ పద్ధతిలో పొరనే బయటివైపు ఉంచుతారు కనుక నీటిని పీల్చుకోవడానికి బయట గుడ్డే ఉండదు. పూత అరిగి తడి పాకే ఇబ్బంది దానికి లేదు గానీ చేతికి రబ్బరులా తగులుతుంది.

ఈ డబ్బు ఎక్కడ సార్థకమవుతుంది? 4,000 మీటర్ల పైన, నాలుగు డిగ్రీల వానలో, గాలిలో, ఆ రాత్రి గుడారం దాకా ఇంకా మూడు గంటల నడక మిగిలి ఉన్నప్పుడు. అక్కడ ఒళ్లు తడవడం అసౌకర్యంతో ఆగదు. తడిసిన ఒంటికి గాలి తగిలితే శరీరపు వేడి పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. జులై, ఆగస్టుల్లో హిమాచల్‌లోని హంప్టా కనుమకో ఉత్తరాఖండ్‌లోని పూల లోయకో వెళ్లేవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు. అక్కడ ఆవిరిని నెట్టే పీడనపు తేడా కూడా మీ పక్షాన ఉంటుంది, పొర తన పని తాను చేస్తుంది.

ఎవరికి ఏది

పీజీలో ఉంటూ ఇప్పుడే నడకలు మొదలుపెట్టినవారు మొదటి ఏడాది పాంచోతో, లేదా అన్నిటికంటే చవకైన టేపు కుట్ల జాకెట్‌తో గడపడం మేలు. ఈ అలవాటు నిలుస్తుందో లేదో తేలాక జాకెట్ సంగతి చూసుకోవచ్చు. మిగిలిన డబ్బు జారని బూట్లకు పెట్టండి, ఎందుకంటే కనుమల వానలో ఆసుపత్రికి పంపేది తడి చొక్కా కంటే జారిన కాలే.

ఏడాదికి ఒక్క హిమాలయ యాత్ర, మిగతావన్నీ కనుమలు అనేవారిదే అన్నిటికంటే చిక్కు ప్రశ్న. మంచి రెండున్నర పొరల జాకెట్ కనుమలకు కొనుక్కుని, హిమాలయాలకు మూడు పొరలది అద్దెకు తీసుకోవడం నాకు సబబుగా తోస్తుంది. రెండు మూడేళ్లు వరుసగా వెళ్తున్నట్టు తేలితే అప్పుడు కొనవచ్చు. అన్నిటికీ ఒక్కటే ఉండాలని పట్టుబట్టేవారు 400 గ్రాముల లోపు, చంక జిప్పులున్న మూడు పొరల జాకెట్ తీసుకోవాలి. కనుమల్లో అది పెట్టిన డబ్బంత హాయినివ్వదన్న సంగతి ముందే ఒప్పుకుని తీసుకుంటే నిరాశ ఉండదు.

చెమట ఎక్కువగా పట్టేవారు, బరువైన ఒళ్లున్నవారు ఒక సైజు పెద్దది, పొడవాటి చంక జిప్పులున్నది చూసుకోవాలి. ఆడవారు మగవారి చిన్న సైజుతో సర్దుకోవద్దు. తుంటి దగ్గర బిగిసి, భుజాల దగ్గర వేలాడే జాకెట్‌లో గాలి ఆడవలసిన చోట ఆడదు. ఎదిగే పిల్లలకు మూడు పొరలది కొనడం వృథా.

దుకాణంలో చేయవలసినవి

మీ సంచీని వెంట తీసుకువెళ్లి, జాకెట్ మీద తగిలించుకుని చూడండి. నడుము పట్టీ కింద జేబులు పడిపోయి చెయ్యి దూరకపోతే ఆ జేబులు లేనట్టే. రెండు చేతులూ పైకెత్తినప్పుడు అంచు బొడ్డు పైకి లేవకూడదు, ముంజేతులు బయటపడకూడదు. చేతికర్ర పట్టుకుని నడిచేవారికి నీరు మణికట్టు నుంచి మోచేతికి కారేది అక్కడినుంచే. హుడ్ బిగించుకుని తల పక్కకు తిప్పండి. తలతోపాటు హుడ్ తిరగాలి. తిరగకుండా కన్ను మూసేస్తే ఇరుకు దారిలో అది ప్రమాదం. ముందు అంచుకు కాస్త గట్టి చూరు ఉంటే కళ్లజోడువారికి మేలు. తర్వాత జాకెట్‌ను తిరగేసి చంకలు, హుడ్ కుట్లు, జేబు మూలల దగ్గర టేపు మీద వేలితో రాయండి. ముడతలు, గాలి బుడగలు కనబడితే మరొకటి అడగండి. ముందు జిప్పు నీటిని ఆపే రకమైనా దాని వెనుక ఒక పట్టీ ఉండాలి, ఎందుకంటే ఆ జిప్పులు వానను చాలావరకు ఆపుతాయే గానీ పూర్తిగా ఆపవు.

కొన్నాక

జాకెట్‌ను ఉతికితే పాడవుతుందన్న భయం చాలామందిలో ఉంది. నిజానికి చెమట, జిడ్డు, మట్టి పేరుకున్న జాకెట్టే త్వరగా పాడవుతుంది. మామూలు డిటర్జెంటు అవశేషాలు నీటిని పీల్చుకుంటాయి, కంఫర్ట్ వంటి మెత్తదనపు ద్రవాలు పూతను చెడగొడతాయి. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ వంటి కంపెనీల ప్రత్యేక ద్రవాలు దొరుకుతాయి. అవి లేకపోతే లేబుల్ అనుమతించే తేలికైన ద్రవ సబ్బుతో 30 డిగ్రీల నీటిలో ఉతికి, రెండుసార్లు బాగా జాడించండి. పీజీ లాండ్రీకి, ఇస్త్రీ బండికి ఇవ్వకండి. ఆరాక, లేబుల్ ఒప్పుకుంటేనే, పైన పలచటి గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే పూత మళ్లీ చురుకవుతుంది. అప్పటికీ చుక్కలు దొర్లకపోతే కొత్తగా పూత పట్టించే ద్రవం వాడాలి. వానాకాలం అయ్యాక సంచీలో కుక్కి అటక మీద పడేయకుండా, పూర్తిగా ఆరబెట్టి హ్యాంగరుకు వేలాడదీయండి.

అద్దెకు తెచ్చుకునేవారు యాత్రకు వారం ముందే జాకెట్ తెచ్చుకుని, వేసుకుని స్నానాల గదిలో షవర్ కింద పది నిమిషాలు నిలబడి చూడాలి. లోపల బూడిదరంగు చొక్కా వేసుకుంటే తడి ఎక్కడినుంచి మొదలైందో స్పష్టంగా కనబడుతుంది: భుజం కుట్టు దగ్గరైతే టేపు పోయినట్టు, మెడ దగ్గరైతే హుడ్ సరిగా బిగించనట్టు. టేపు పోయిన జాకెట్‌ను వెంటనే మార్పించుకోండి.